ఒక్క వ, రెండు అక్షరాలు

1936లో నేను ఏలూరులో కాలువ గట్టున ఒక మేడమీద గదిలో టైపు నేర్పేవాణ్ణి. మధ్యాహ్నం పూట కాలువ నీళ్ళ వెలుగు వచ్చి సున్నం కప్పు మీద అలలు అలలుగా ఆడేది. ఆ వెలుగు చూస్తూ, మిషన్ల టకటక వింటూ ఉంటే కళ్ళు తెరిచి ఉండగానే నిద్ర పట్టేది. బోర్డు మీద ఇన్‌స్టిట్యూట్ అని పెద్దగా రాయించాను గాని, ఉన్నవి మూడు మిషన్లే.

టైపులో ఏ అక్షరం ఏ వేలిదో ముందే నిర్ణయమై ఉంటుంది. దాన్ని ఫింగరింగ్ అంటాం. ఎడమచేతి ఉంగరపు వేలు పైకి సాగి డబుల్యు కొట్టాలి, చూపుడు వేలు కిందికి దిగి వి కొట్టాలి. కీబోర్డు మీద గుడ్డ కప్పి, చూడకుండా కొట్టించేవాణ్ణి.

ఆ ఏడు రూతమ్మ అనే అమ్మాయి చేరింది. కొల్లేటి లంకల్లో బడిపంతులుగా చేసి పోయిన ఒకాయన కూతురు. ఏలూరు క్రైస్తవ మిషన్ బోర్డింగులో ఉండి చదువుకుంది. తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ ఆసుపత్రి డాక్టరు దొరసానికి టైపిస్టు కావలసి, ఈమెను పరీక్షించి చూస్తానని కబురు పెట్టింది. నెగ్గితే ఉద్యోగం. నెగ్గకపోతే బోర్డింగులో ఇక ఉంచుకోరు, పెట్టె సర్దుకుని లంకకు వెళ్ళిపోవాలి. అది తలుచుకుంటేనే ఆమె ముఖం చిన్నబోయేది.

చురుకైన పిల్ల. ఒక్కటే జబ్బు. డబుల్యు పడవలసిన చోట వి పడేది. వాటర్, విండో, వింటర్, అన్నీ వితోనే. నేను నవ్వుకున్నాను. మన నాలుకకు ఉన్నది ఒక్క వ. ఇంగ్లీషువాడు దాన్ని రెండు ముక్కలు ఎందుకు చేశాడో చిన్నప్పుడు నాకూ బోధపడలేదు. చెవిలో ఉన్న పొరపాటే వేలికి దిగిందనుకున్నాను.

మందు కూడా నేనే కనిపెట్టాను. రెండు అక్షరాలూ ఉన్న మాటలు ఏరి, అవే కొట్టించాలని. తీరా చూస్తే డిక్షనరీ మాటల వరస చూపిస్తుంది గాని, ఫలానా రెండక్షరాలు ఏ మాటలో కలిసి కాపురం ఉంటున్నాయో చెప్పదు. అందుకని తిరుగుతూ వెతికాను. కాలువ నీళ్ళు చూస్తుంటే వేవ్ దొరికింది. తివాచీలు నేసే వీధిలో మగ్గం ముందు నిలబడి వీవ్, వోవెన్ రెండూ పట్టాను. గడియారం పన్నెండు కొడితే ట్వెల్వ్. అన్నం ముందు కూర్చుని హవెవర్ అని గట్టిగా అరిస్తే, "ఏవండీ, పప్పులో ఉప్పు తగ్గిందా?" అంది మా ఆవిడ. పడుకుంటే మాటలు కొల్లేటి పక్షుల్లా వచ్చి వాలేవి, పట్టుకోబోతే లేచిపోయేవి. ఇప్పుడు తెలుగులో రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. వేవ్ అని రాశాక అందులో ఏ వ ఏదో మీకెలా తెలుస్తుంది? మొదటిది డబుల్యు, రెండోది వి అనుకోండి.

రూతమ్మ ఆ మాటలన్నీ కొట్టింది. కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. డబుల్యు ఉండవలసిన చోటల్లా వి పడింది. కాని వి ఉన్న చోట ఒక్కసారి కూడా డబుల్యు పడలేదు. చెవి పొరపాటైతే అటూ ఇటూ రెండు వైపులా పడాలి కదా! మళ్ళీ కొట్టమని, ఈసారి కళ్ళు మూసుకుని విన్నాను. సాఫీగా సాగుతున్న చప్పుడులో డబుల్యు ముందు మాత్రం చిన్న వెలితి, ఊపిరి బిగబట్టినంత. ఆ తరువాత వి పడేది.

"ఏదమ్మా, నీ ఎడమ చెయ్యి చూపించు."

చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. "ఏం లేదండి మాస్టారూ."

"డబుల్యు ఎక్కడుందో తెలీదా?"

"తెలుసండి. వేలు అక్కడిదాకా సాగదండి. రెండూ మన వ అక్షరమే కదండీ, చదివేవాళ్ళు సరిపెట్టుకుంటారనీ..."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సెలవులకు ఇంటికెళ్ళి నీళ్ళలో చేపలు తడుముతుంటే జెల్ల చేప ముల్లు వేలికి దిగిందట. చీము పట్టి, అది మానేసరికి ఉంగరపు వేలి కణుపు బిగుసుకుపోయింది. ఉన్నచోట ఉండి ఎస్ కొడుతుంది గాని పైకి రాదు.

"చెబితే పొమ్మంటారని భయమేసిందండి. వేలు బాగోనిదాన్ని టైపుకెవరు పెట్టుకుంటారండీ?"

పక్కనున్న మధ్యవేలితో డబుల్యు కొట్టమన్నాను.

"అది తప్పు కదండీ?"

"తప్పే. కాగితానికి తెలియదులే."

ఆ వేలికి అలవాటు చెయ్యడానికి నేను ఏరిన మాటలన్నీ అప్పుడు అక్కరకొచ్చాయి.

పరీక్షనాడు రైల్లో నేనే వెంట వెళ్ళాను. ఉంగుటూరు దాటాక, కిటికీలోంచి వరిచేల వైపు చూస్తూ అడిగింది. "వేలి సంగతి చెప్పెయ్యమంటారాండీ?"

"వాళ్ళు అడక్కపోతే ఊరుకో తల్లీ" అన్నాను.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. గది తలుపు తెరిచే ఉంది. దొరసాని తన బైబిలు తెలుగులో "నీవు కూర్చుండుము" అంది. రూతమ్మ కూర్చోలేదు. ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

"ఈ వేలు సాగదండి. డబుల్యు పక్కవేలితో కొడతానండి. తరవాత తెలిసేకంటే ఇప్పుడే చెప్పెయ్యడం మంచిదని చెప్తున్నానండి."

నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను. దొరసాని ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసి, మిషన్ వైపు చూపించింది. తరువాత ఉత్తరం చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఇంగ్లీషు యాసలో మాటలు నాకు అందలేదు, మిషన్ చప్పుడే అందింది. కళ్ళు మూసుకుని ఆ వెలితి కోసం విన్నాను. డబుల్యు లేకుండా ఇంగ్లీషు ఉత్తరం నడవదు. చప్పుడు ఎక్కడా ఆగలేదు. చివరికి కాగితం లాగిన శబ్దం వచ్చింది.

"సోమవారమునుండి రమ్ము" అంది దొరసాని.

కొత్తగా చేరినవాళ్ళను మిషన్ ముందు కూర్చోబెట్టే ముందు, ఏ వేలైనా ఇబ్బంది పెడుతోందా అని అడగడం ఆ తరువాత నాకు అలవాటైంది. అడిగితే ఎవరైనా చెబుతారు. రూతమ్మ మాత్రం దొరసాని అడగకుండానే, నేను వద్దన్నా చెప్పింది. అంత ధైర్యం నా పది వేళ్ళలో ఒక్కదానికీ లేదు.