జాతర కానియ్ తమ్మీ

కాశిబుగ్గలో జంపఖానాల దుకాణం ఆయనది. సొంతంగా వెబ్‌సైట్లు చేసుకు బతికే నేను ఆయనకొకటి చేసిపెట్టి, డబ్బుల కోసం తిరిగాను. వెళ్లినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేసి, "మన సైటు చేసింది గీ తమ్ముడే" అని దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చూపించేవాడు. అంత పొగిడాక డబ్బు మాట ఎలా ఎత్తను? నా మొహం చూసి తనే అనేవాడు, "ఫికర్ చెయ్యకు తమ్మీ. మేడారం జాతర కానియ్, నీ పైసలు నీకిస్త." ఆ మాట అబద్ధమని ఇప్పటికీ అనలేను.

ఒకసారి, ఇవ్వకపోతే సైటు ఆపేస్తానని చెప్పడానికే వెళ్లాను. ఆయన ఒక ముసలి నేతగాడికి ఫోనులో ఆ సైటు చూపిస్తున్నాడు. అందులో ముసలాయన నేసిన జంపఖానా ఉంది. ఆ తాత తువ్వాలుతో వేలు తుడుచుకుని తెరను ముట్టుకుని, "గిది ఎప్పటికి ఉంటదా బిడ్డా?" అని నన్నడిగాడు.

"ఉంటది తాతా" అన్నాను.

జాతర అయిపోయింది. వెళితే నా దోసిట్లో ప్రసాదం బెల్లం పెట్టాడు. కళ్లకద్దుకున్నాను.

"వచ్చే జాతర కానియ్ తమ్మీ" అన్నాడు.

వచ్చే జాతర అంటే రెండేళ్లు. ఆ సాయంత్రమే ఆయన సైటు గడువు తీరుతోందని నాకు మెసేజ్ వచ్చింది. ఏడాది కిరాయి నేనే కట్టాను.