చెవులు లేని పందుల కేసు

అమెరికాలోని క్యారీ నుంచి ఉదయం ఆరుంబావుకి బయల్దేరాం. డ్రైవింగ్ మా మిత్రుడి కూతురు శ్రావ్య. పడమటి కొండల్లో ఒక చిన్న ఊరి పాత కోర్టులో, విక్టోరియా రాణి కాలం నాటి పందుల దొంగ విచారణను ఏటా నాటకంగా వేస్తారని పేపర్లో చదివాను. గుంటూరు కోర్టుల్లో పాతికేళ్లు విలేకరిగా కూర్చున్నవాణ్ణి, ఆగలేకపోయాను.

దారిలో కాఫీ, డబ్బాలో పులిహోర. పదిన్నరకు చేరాం. టికెట్ ఐదు డాలర్లు. టికెట్ నంబర్లు తీసి పన్నెండు మందిని జ్యూరీలో కూర్చోబెడతారు; శిక్ష పడాలంటే పన్నెండు మందీ ఒకే మాట అనాలి.

బెంచీ మీద నా పక్కన ఎడ్నా అనే ముసలావిడ. "ఆ దొంగ జెబ్ మా తాతకు తండ్రి," అంది. "ఏటా దొంగేనని తేల్చి కొడతారు. ఒక్కరైనా కాదంటారేమోనని ఏటా వస్తాను."

"మీరే జ్యూరీలో కూర్చోవచ్చుగా?"

"బంధువులకు కుదరదట."

అంతలో నా నంబరు పిలిచారు. "అంకుల్, మీరు సిటిజన్ కూడా కాదు!" అని శ్రావ్య పడీ పడీ నవ్వింది.

ఆ రోజుల్లో పందుల్ని అడవిలోకి వదిలేసేవారు. చెవికి ఎవరి గాటు వారు పెట్టి, ఆ గుర్తును కోర్టు పుస్తకంలో రాయించేవారు. జెబ్ ఇంట్లో దొరికిన రెండు పందులకు చెవులు లేవు. చెవులు కోశాడు కాబట్టి దొంగే అన్నారు. ముప్పై తొమ్మిది కొరడా దెబ్బలు వేశారు. ఇప్పుడు ఆ దెబ్బల కోసం బయట కొయ్యకు గడ్డిబొమ్మను కట్టి ఉంచారు. కొరడా పట్టుకోవడానికి పిల్లలు క్యూ కట్టారు.

దొంగేనని పదకొండు చేతులు లేచాయి. నాది లేవలేదు.

"సార్, భోజనం చల్లారిపోతోంది," అన్నాడు జ్యూరీ పెద్ద, ఒహాయో నుంచి వచ్చిన ప్లంబరు.

"చెవులు చూపించండి, ఎత్తుతాను."

"ఇది నాటకమండీ!"

"నాటకమే అయితే వదిలేయడానికేం?"

గ్యాలరీ నుంచి శ్రావ్య గొంతు: "అంకుల్, ప్లీజ్! అందరూ చూస్తున్నారు!"

చూడనీ. చేతులు కట్టుకుని కూర్చున్నాను. పన్నెండున్నర దాటింది. జడ్జి వేషం వేసిన హార్డ్‌వేర్ షాపాయన కాగితాలన్నీ తిరగేశాడు. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో వాటిలో లేదు. చివరికి సుత్తి కొట్టి, "ముద్దాయిని వదిలేస్తున్నాం. పదండి, తిందాం," అన్నాడు.

పిల్లలు గోలపెట్టారు. ఎడ్నా ఎవరినీ అడగలేదు. కట్లు విప్పి, గడ్డిబొమ్మను తన ట్రక్కు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తీసుకుపోయింది.

రెండింటికి తిరుగుప్రయాణం. దారిలో శ్రావ్య అడిగింది: "అంకుల్, నిజంగా దొంగతనం చేశాడా?"

"చేసే ఉంటాడు. చెవులు మాత్రం కోర్టుకు రాలేదు."

చూడదగ్గ ఊరు. పార్కింగ్ ఉచితం. వెళ్లేవాళ్లు టికెట్టు ముక్క పారేయకండి. నంబరు పిలిస్తే, ఆకలేసినా సరే, తొందరపడి చెయ్యెత్తకండి.