కుప్పం దాకా మోసుకెళ్ళిన ఒక మాట

ఈసారి నేను ఊరు చూడడానికి వెళ్ళలేదు, ఒక మాట చెప్పడానికి తోడుగా వెళ్ళాను. మదనపల్లెలో నేను టీచరుగా పనిచేసిన స్కూల్లో కాంతమ్మ ఆయాగా ఉండేది. ఇప్పుడు పుంగనూరులో ఉంటోంది. ఆమె కూతురు సలోమి కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. సలోమి కూతురు జ్యోతి కుప్పంలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఆ పక్క దేశాల్లో యుద్ధం మొదలయ్యాక సలోమి యజమానులు ఆమెకు టికెట్టు కొనిచ్చి ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. ఆ కబురు విన్న ఆదివారమే కాంతమ్మ చర్చిలో లేచి నిలబడి, నా బిడ్డ వచ్చేస్తోందని సాక్ష్యం చెప్పింది. దేవుడు చేసిన మేలును సంఘం ముందు చెప్పుకోవడం మాలో అలవాటు. కృతజ్ఞతార్పణగా కానుక కూడా వేసి, అందరికీ మైసూర్‌పాకు పంచిపెట్టింది. రెండు రోజులు తిరక్కుండానే సలోమి ఫోన్ చేసి, తాను రావడం లేదని చెప్పింది.

కారణం ఆ ఇంట్లో మంచం పట్టిన ముసలామె. ఇంట్లోవాళ్ళు వేరే దేశంలో ఉన్న బంధువుల దగ్గరికి బయలుదేరారు. ఆమెను అంత దూరం కదిలించకూడదని డాక్టరు చెప్పాడట. ఆమె కొడుకు ఒక్కడు ఆగాడు గానీ అతనిది కరెంటు ఆఫీసులో ఉద్యోగం, ఈ రోజుల్లో ఇంటికి రావడమే గగనం. సలోమి టికెట్టు వెనక్కి ఇచ్చేసింది. తల్లికైతే చెప్పింది గానీ, అమ్మ వస్తోందని ఎదురుచూస్తున్న కూతురికి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నువ్వే పోయి చెప్పమ్మా అని ఆ భారం కాంతమ్మ మీద పెట్టింది. కాంతమ్మకూ ధైర్యం చాలక నాకు ఫోన్ చేసింది. "టీచరమ్మా, కుప్పం దాకా తోడు రా. ఆ పిల్ల మూడేండ్లుగా వాళ్ళమ్మను సూడలేదు. నా మొగం సూస్తానే ఏడుస్తాది" అంది. కాదనడానికి నాకు మనసొప్పలేదు.

బస్సులో అయితే పుంగనూరు, పలమనేరు దగ్గర మారుతూ వెళ్ళాలి. కాంతమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని మా వీధిలో ఉండే ఖాదర్ కారు మాట్లాడుకున్నాను. డీజిలు, వెయిటింగు అన్నీ కలిపి రానూపోనూ మూడున్నర వేలకు ఒప్పుకున్నాడు. శనివారం పొద్దున ఏడింటికి మదనపల్లెలో బయలుదేరాం. టమోటా మార్కెట్టు దగ్గర లారీలు అడ్డం తిరిగి ఉండడంతో ఊరు దాటడానికే చాలాసేపు పట్టింది. పుంగనూరు చేరేసరికి ఎనిమిది దాటింది. కాంతమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, చేతిలో నిప్పట్ల డబ్బా పట్టుకుంది. రాత్రంతా కూర్చుని చేసినట్టుంది, కళ్ళు గుంటలు పడ్డాయి. నిప్పట్లంటే ఇక్కడ బియ్యప్పిండితో చేసే కారం బిళ్ళలు, జ్యోతికి ప్రాణం.

కారు ఎక్కిన కాంతమ్మ పెద్దపంజాణి దాటేదాకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. బయట మాత్రం చూడముచ్చటగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు, మల్బరీ, మధ్యమధ్య బీడు. మేకల్ని తోలుకుపోతున్న ఆడవాళ్ళు కారుకి దారివ్వకుండా తాపీగా నడుస్తుంటే ఖాదర్ కూడా హారన్ కొట్టకుండా వాళ్ళ వెనకే పోనిచ్చాడు. మామూలుగా అయితే నేను దిగి నాలుగు ఫోటోలు తీసేదాన్ని. ఆ రోజు బుద్ధి పుట్టలేదు.

ఉన్నట్టుండి కాంతమ్మ అడిగింది. "టీచరమ్మా, సాక్ష్యం చెప్పేసినా గదా. బిడ్డ రాకపాయ. ఇప్పుడు దేవుని ముందర నేను అబద్ధం చెప్పినట్టే గదా?"

పాఠం చెప్పినట్టు జవాబు చెప్పబోయాను. అంతలో ముందు సీట్లోంచి ఖాదర్ అందుకున్నాడు. "అబద్ధం యాల అవుతుంది పెద్దమ్మా? టికెట్టు ఇచ్చింది నిజం. నువ్వు సంతోషపడింది నిజం. అల్లాకి అంతమాత్రం తెల్దా?"

"మరి అందరికీ మిఠాయి పంచినా కదప్పా."

"తిన్నోళ్ళు వెనక్కి ఇమ్మంటారా ఏమి?" అన్నాడు. కాంతమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చేసింది. ఖాదర్ కారు పక్కకి ఆపి, నీళ్ళ సీసా వెనక్కి అందించాడు. తన తమ్ముడు కూడా ఆ దేశాల్లోనే డ్రైవరని, టీవీ చూసి చూసి వాళ్ళమ్మ బీపీ పెరిగిపోతే తానే వైరు పీకేశానని అప్పుడు చెప్పాడు.

నాకు ఆ టీవీల మీద చాలా రోజులుగా కోపం ఉంది. యుద్ధం వార్తలకి కూడా సినిమా సంగీతం పెడతారు. దాంతోపాటు నా మీద నాకే ఇంకో కోపం. మా చర్చి స్త్రీల సహవాసంలో ప్రతి శుక్రవారం ప్రపంచ శాంతి కోసం ప్రార్థిస్తాం. ఒకరు లేచి దేశాల పేర్లన్నీ స్టేషన్లో రైళ్ళు చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చదువుతారు. మేం ఆమేన్ అంటాం, తర్వాత టీ తాగుతాం. యేసుప్రభువు రోగి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకునేవాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. మా ప్రార్థనల్లో మాత్రం ఎవరి చెయ్యీ తగలదు. ప్రపంచం మొత్తానికి జాలిపడడం సులువు. మన పక్కన కారులో కూర్చుని కుమిలిపోయే మనిషికి ఏం చెప్పాలన్నదే కష్టంగా ఉంటుంది.

పలమనేరు దాటి వి.కోట చేరేసరికి పదిన్నర. ఊరి మొదట్లోనే ఒక చిన్న హోటలు ముందు ఆగాం. రాగి ముద్ద, ఊరుబిండి అనే చెనక్కాయల పచ్చడి, పప్పు. ముగ్గురికీ కలిపి రెండు వందల లోపే అయింది. ఇటువైపు వెళ్ళేవాళ్ళు టిఫిన్ కోసం వెతుక్కోకుండా పొద్దున్నే ముద్ద తినేస్తే సాయంత్రందాకా ఆకలి ఉండదు. గోడ మీద టీవీలో యుద్ధమే నడుస్తోంది. కాంతమ్మ ఆకు ముందు కూర్చుని, తల ఎత్తి దాన్నే చూస్తోంది. ముద్ద అలాగే ఉంది.

వడ్డిస్తున్న ఆమె చూసి చూసి అడిగింది. "ఏమ్మా, ముద్ద గట్టిగా ఉండాదా?"

"ఈమె కూతురు అక్కడే ఉందమ్మా" అన్నాను టీవీ వైపు చూపించి.

ఆమె వెళ్ళి టీవీ కట్టేసింది. వెనక బల్ల మీద ఎవరో సణిగారు. "ఆడ యుద్ధం నువ్వు సూసినా జరుగుతాది, సూడకపోయినా జరుగుతాది. నీ ముద్ద నువ్వు తిను" అని వాళ్ళని కసిరి, కాంతమ్మ పక్కన వచ్చి కూర్చుంది. "నువ్వు తినకుంటే అది ఆగుతుందామ్మా? తిను. బిడ్డ ఫోన్ చేస్తే మాట్లాడేదానికి గొంతుండల్ల గదా" అంటూ ముద్దకి గుంట చేసి పప్పు పోసింది. కాంతమ్మ చిన్నపిల్లలా తింది. బిల్లు కడుతున్నప్పుడు నేను థాంక్స్ అంటే, ఆమెకు ఆ మాట అడ్డమొచ్చినట్టు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

వి.కోట నుంచి కుప్పం గంట ప్రయాణం. అడవి పక్కన రోడ్డు బాగుంటుంది, ఏనుగులు దాటే చోట్ల బోర్డులు ఉంటాయి. కుప్పం దగ్గరయ్యే కొద్దీ దుకాణాల దగ్గర తమిళం, కన్నడం వినిపిస్తాయి. పన్నెండున్నరకు హాస్టలు చేరాం. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే పిల్లల్ని కలవనిస్తారట. ఖాదర్ నమాజుకని వెళ్ళాడు. మేం గేటు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చున్నాం.

జ్యోతి వార్డు డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. నీలం యూనిఫాం, జడ పైకి మడిచి కట్టుకుంది. అవ్వని చూడగానే పరుగెత్తుకొచ్చి, చుట్టూ వెతికింది. "అమ్మ యాడ? విమానం దిగిందా? నాకు చెప్పకుండా తోడుకొచ్చినారా?"

దీనికోసం దారంతా మాటలు కూడబెట్టుకున్నాం. వాటికి బదులు కాంతమ్మ నిప్పట్ల డబ్బా మూత తీసి ముందు పెట్టింది. అడిగినదానికి జవాబు రాకుండా డబ్బా ముందుకొచ్చేసరికి పిల్లకి అర్థమైపోయింది.

"రాలేదు కదా" అంది జ్యోతి.

"ఆ ఇంట్లో పెద్దామెకు ఎవరూ లేరంటమ్మా. మంచం మీదనే ఉండాది. ఇడిసిపెట్టి వచ్చేదానికి మీయమ్మకు మనసు రాలేదంట."

"నన్ను ఇడిసిపెట్టేదానికి మనసొచ్చిందా?" గట్టిగానే అరిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ తిరిగి చూశాడు. "మూడేండ్లు! ఆమె ఎవరవ్వా మనకి? మన భాష తెల్దు, మన దేవుడు తెల్దు. ఆడ బాంబులు పడితే మాయమ్మను ఎవరు తెచ్చిస్తారు? ఆ ముసలామె తెస్తుందా?"

జాలి గురించి, సేవ గురించి నా దగ్గర నలభై ఏళ్ళ పాఠాలున్నాయి. ఆ పిల్ల ముఖం చూశాక అవేవీ చెప్పబుద్ధి కాలేదు. ఆమె అడిగింది న్యాయమే. నాకూ ఆ క్షణంలో సలోమి మీద కోపమొచ్చింది. బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చాను. జ్యోతి మా మధ్య కూర్చుని, అవ్వ ఒళ్ళో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. కాంతమ్మ ఆ జడ పిన్నులు ఒక్కొక్కటే తీసి, వేళ్ళతో జుట్టు దువ్వుతూ కూర్చుంది. తోటి పిల్లలు వచ్చి చూసి పక్కకి వెళ్ళిపోయారు. ఎండ మా కాళ్ళ మీదికి వచ్చింది. ఎవరమూ లేవలేదు.

చివరికి జ్యోతి ముఖం కడుక్కొచ్చి, "ఫోన్ చెయ్యవ్వా" అంది.

కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక. వీడియోలో సలోమి కనిపించింది. ముఖం నలిగిపోయి ఉంది. వెనక కిటికీ అద్దానికి, బాంబుల అదురుకి పగిలి చెదరకుండా, అడ్డదిడ్డంగా ప్లాస్టరు అంటించి ఉంది. కూతుర్ని చూడగానే, "జ్యోతమ్మా, కోపం పెట్టుకోవద్దు నాయనా" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

 జ్యోతి తల్లి ముఖాన్నే పరీక్షగా చూసింది. తర్వాత, "ఆమె యాడ ఉండాది? ఫోన్ ఆ పక్కకి తిప్పుమా" అంది.

ఫోన్ తిరిగింది. మంచం మీద తెల్లటి దుప్పటి, బక్కచిక్కిన ముఖం, తెరిచిన నోరు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది ఆ పెద్దామె.

"ఎంతసేపుగా అట్లా పండుకోబెట్టినావు?"

"పొద్దన్నుంచీ. నిద్రపోతాండాది కదాని..."

"అట్లా పెట్టొద్దుమా, వీపు కింద పుండు పడతాది. రెండు గంటలకొకసారి తిప్పల్ల. ఫోన్ యాడన్నా ఆనించి పెట్టు, నాకు కనపడాల. ఆ... ఇప్పుడు ఆ మోకాలు మడుచు. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి నడుం మీద. గుంజొద్దు, నీ తట్టు మెల్లిగా దొర్లించు. కాళ్ళ మధ్య దిండు పెట్టు. వీపెనక ఇంకోటి."

అక్కడ సలోమి చెప్పినట్టే చేస్తోంది. పెద్దామె ఒకసారి మూలిగింది. తర్వాత పక్కకి తిరిగిన ముఖం సరిగ్గా ఫోన్ వైపుకి వచ్చింది. ఏదో సన్నగా అడిగింది.

"ఎవరని అడుగుతాండాది" అంది సలోమి.

జ్యోతి ఫోన్ దగ్గరికి వంగింది. "నీ కూతురని చెప్పుమా. నర్సని చెప్పు." టైము చూసుకుని, "మళ్ళీ రెండు గంటలకి నేనే చేస్తా. ఎత్తు" అంది.

తిరుగుదారిలో కాంతమ్మ నిద్రపోయింది. లోకంలో ఇంత దుఃఖం ఎందుకని నన్నడిగితే నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. యుద్ధాలు ఆపే శక్తి మాకెవరికీ లేదు. సలోమి చేసింది ఒప్పో తప్పో కూడా నేను తేల్చలేను. తల్లి రాని బాధ ఆ పిల్లకి ఈ రాత్రీ ఉంటుంది, రేపూ ఉంటుంది. అంత బాధలో ఉండి, తనకు అమ్మని దూరం చేసిన మనిషి వీపు నొవ్వకూడదని చూసింది. క్రీస్తు కరుణ అన్న మాటను నేను జీవితమంతా పలికాను, దాన్ని కళ్ళతో చూసింది మాత్రం కుప్పంలో ఆ సిమెంటు బల్ల మీద కూర్చున్నప్పుడే. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇటు వచ్చేవాళ్ళకి ఒక్క సలహా. ఏనుగుల భయం వల్ల చీకటి పడకముందే అడవి రోడ్డు దాటాలి కాబట్టి, కుప్పంలో నాలుగింటికల్లా కారెక్కాలి. అందుకని పొద్దున ఎంత వీలైతే అంత తొందరగా బయలుదేరండి. ముఖ్యంగా ఎవరికైనా కష్టమైన మాట చెప్పడానికి వెళ్తుంటే. చెప్పడానికి నిమిషం చాలు, చెప్పాక వాళ్ళ పక్కన కూర్చోవడానికి మధ్యాహ్నమంతా కావాలి.