గీకితే చేప

“మళ్ల పడుగు గీకిందంటే సంచిలేసి మోత్కూరు అవతల ఇడిచొస్త!”

“గీకదు బాపూ, నేను నేర్పిస్త.”

చిన్నప్పుడు మా ఇంటి పిల్లి గురించి మా నాయినతో నేనాడిన ఆఖరి మాటలివే. ఇవాళ మనవరాలు చీరకు గంజి పెడుతుంటే, మగ్గం మీది పడుగు దారాలకు బాపు పట్టించే గంజి వాసన గుర్తొచ్చి, దాన్నే ఇది రాయమన్నాను.

పిల్లి మగ్గం మీది దారాలు గీకినప్పుడల్లా కొట్టకుండా ఎత్తుకొచ్చి, గోనెపట్టా మీద కూర్చోబెట్టి ఎండుచేప ముక్క పెట్టేదాన్ని. వారం తిరగకముందే అది నా ముఖం చూసి మరీ పంజా ఎత్తింది. గీకితేనే చేప దొరుకుతుందని నేర్పింది నేనే!

అంతలో వాకిట్లో బాపు చెప్పుల చప్పుడు. తెగిన దారాలను లంగాతో కప్పేశాను. బాపు చూశాడు. సంచి దులిపాడు. పిల్లిని అందులో వేసుకొని పోయాడు. పిల్లి మళ్లీ రాలేదు.

తప్పు నాదని బాపు బతికున్నన్నాళ్లూ చెప్పలేదు. రాసినవా బిడ్డా? జర గట్టిగ చదువు.