చెంబు లేని చోట

కుల్సుంకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె భర్త నిస్సార్ అహ్మద్ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఊరందరికీ చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ శనివారం మాత్రం కోపం ముక్కు దగ్గర ఆగలేదు, నెత్తికెక్కింది.

పుట్టింది నరసరావుపేటలో. మెల్బోర్న్ పడమటి కొసన టార్నీట్‌లో కాపురం. ఉద్యోగం ఏజ్డ్ కేర్‌లో, అంటే ముసలివాళ్ళని బతిమాలి, బెదిరించి, వేళకి నీళ్ళు తాగించడం అందులో సగం పని. ఉత్తరాన నది పొంగి ఓ ఊరు మునిగిందనీ, జనమంతా అక్కడి షోగ్రౌండ్ హాల్లో తలదాచుకున్నారనీ తెలిసి, సెలవు పెట్టి, నిస్సార్ చేత వ్యాను నడిపించుకుంటూ వచ్చింది.

వచ్చీ రాగానే చిరాకు మొదలైంది. మన సంఘాలవాళ్ళు పోటీలుపడి బిర్యానీ పంపారు. ఓ మూల ఆ డేగిసాలు, ఇంకో మూల మంచినీళ్ళ సీసాలు కప్పు అంటేలా. సబ్బు తెచ్చిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఊళ్ళో మురుగు ఎదురు తన్నడంతో కుళాయిలు కట్టేసి, హాలు బయట ప్లాస్టిక్ టాయిలెట్లు వరసగా నిలబెట్టారు.

"జనానికి మూడు పూటలా బిర్యానీ పెట్టారు సరే, తర్వాత ఎక్కడికి పోతారో ఒక్కరన్నా ఆలోచించారా?" అని మొగుడి మీద పడింది, ఆ బిర్యానీ అతనే వండినట్టు.

"ముందు టీ తాగవే. పొద్దున బయల్దేరాం."

"నాకొద్దు. చాలా పనుంది."

అంతలో యోగానంద్ వచ్చాడు. ఆ ఊరి పాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఇల్లు కిటికీల దాకా మునిగిందట.

"ఆంటీ, ప్లీజ్, మా అమ్మని కొంచెం చూడరా? నిన్నట్నుంచి వాటర్ టచ్ చెయ్యట్లేదు. అసలే కిడ్నీస్ వీక్. ఈవెనింగ్‌కి యూరిన్ రాకపోతే హెలికాప్టర్‌లో హాస్పిటల్‌కి షిఫ్ట్ చేస్తామంటోంది నర్స్. హాస్పిటల్ వైపు రోడ్లన్నీ క్లోజ్ కదా."

శారదాంబ మడత మంచం మీద శాలువా కప్పుకుని కూర్చుంది. తెనాలి నుంచి కొడుకుని చూడ్డానికొచ్చి వరదలో చిక్కుకుపోయిన మనిషి. పెదాలు ఎండి పొట్టు లేస్తున్నాయి. కుల్సుం సీసా మూత తీసిచ్చింది. ఆవిడ నాలుక తడుపుకుని పక్కన పెట్టేసింది. ఉప్పూ పంచదారా కలిపిచ్చింది, అదీ అంతే. ఉద్యోగంలో నేర్చిన బుజ్జగింపులన్నీ అయిపోయాయి. యోగానంద్ పాపం కుల్సుం కోసం టీ తెచ్చాడు, ఆమె విసుక్కుని వెనక్కి పంపేసింది.

"ఏంటండీ ఆంటీ ఈ మొండితనం? ఎదురుగా కొండంత నీళ్ళు పెట్టుకుని దాహంతో చస్తారా?"

శారదాంబ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నీళ్ళు ఇక్కడున్నాయమ్మా. అక్కడ లేవు."

"ఎక్కడ?"

"దొడ్లో. ఆ కాయితాలు నా వల్ల కాదు తల్లీ. మొదటిరోజు ఈ సీసాయే పట్టికెళ్ళాను. తెల్లారేసరికి తలుపు మీద బోర్డు పెట్టారు, తాగే నీళ్ళు లోపలికి తేవద్దని. నా గురించే కదూ? పరువు పోయింది. తాగకపోతే వెళ్ళక్కర్లేదు కదా అని..."

కుల్సుం చెయ్యి తన హ్యాండ్‌బ్యాగు మీదికి పోయింది. అందులో ఖాళీ సీసా ఉంది. ఈ దేశంలో కాలుపెట్టిన నాటినుంచీ అది లేకుండా గడప దాటలేదు. తెల్లవాళ్ళు ఇంటికొస్తే బాత్రూంలో మగ్గు తీసి అలమరలో దాస్తుంది. హాల్లో ఉన్న మన ఆడవాళ్ళందరి సంగతీ అదే. అందరికీ కావలసింది ఒకటే, అడగడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు. ఎదురుగా ఎండిపోతున్న మనిషిని కసురుతూ కూర్చున్న తన మీద తనకే అసహ్యం వేసింది.

శిబిరం చూసుకునే షెరిల్ దగ్గరికి విసవిసా నడిచింది. షెరిల్ చుట్టూ పదిమంది ఉన్నారు. ఉంటే ఉన్నారు.

"ఆ బోర్డు మీరేనా పెట్టింది?"

"నేనే. ఎవరో నేలంతా తడి చేస్తున్నారు, జనం జారిపడుతున్నారు. తాగే నీళ్ళు కూడా దండగ."

"దండగ కాదు. మేం కాగితంతో తుడుచుకోం, నీళ్ళతో కడుక్కుంటాం. అవి లేకే ఆ పెద్దావిడ తాగడం మానేసింది." గట్టిగానే అంది. అటుపక్క యోగానంద్ తలొంచుకున్నాడు.

షెరిల్ ఆమె వంక విస్తుపోయి చూసింది. "ఇంతేనా? షెడ్డు పక్కన రెండు ట్యాంకుల నిండా వాన నీళ్ళున్నాయి. తాగడానికి వద్దన్నారని ఎవరూ ముట్టుకోవట్లేదు. ఇన్నిరోజుల్లో ఒక్కరైనా చెప్పలేదేం నాకు?"

"సిగ్గేసింది," అంది కుల్సుం. ఆ మాట బయటికి చెప్తుంటే ఇంకా ఒళ్ళు మండింది.

పని చిటికెలో అయింది. నిస్సార్ ఖాళీ పాల క్యాన్ల మూతులు కోసి, పిడి ఉంచి, మగ్గులు చేశాడు. టాయిలెట్‌కో బకెట్టు, నేలమీద రబ్బరు చాప, బయట చేతులు కడుక్కోవడానికి నీళ్ళు. సబ్బు షెరిల్ ఎక్కడినుంచో పట్టుకొచ్చింది. బోర్డు కుల్సుమే పీకేసింది.

శారదాంబ స్వయంగా వెళ్ళి, తలుపు తీసి, బకెట్టులోకి తొంగిచూసి వచ్చింది. మంచం మీద కూర్చుని సీసా ఎత్తి, పెదవికి ఆనకుండా పైనుంచి పోసుకుంది. గటగటా ఖాళీ చేసేసింది. పొద్దు వాలేలోగా రెండుసార్లు బయటికెళ్ళొచ్చింది. హెలికాప్టర్ అక్కర్లేదని నర్స్ చెప్పగానే యోగానంద్ తల్లి పక్కన కూలబడి ఏడ్చేశాడు.

శారదాంబ వాడి వీపు నిమురుతూనే ఇంకో సీసా మూత తీసి కుల్సుం ముందుకి చాపింది.

"నువ్వూ తాగమ్మా. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నీ గొంతులో ఒక్క చుక్క పడలేదు."

కుల్సుం కసరబోయి ఆగింది. సీసా అందుకుని పైకెత్తింది, సగం అయ్యేదాకా దించలేదు.