నాయనమ్మ తాగేసిన టీ

మా సందులో ఆచియావ్ పెళ్లి గురించి తలా ఒక మాట చెబుతారు. ఆ రోజు ఆమె పుట్టిల్లు, పాన్ వాళ్ల ఇంటి గడపలో ముందు నిలబడి చూసింది నేను. కనుక నేను చెప్పిందే వినండి.

షాంఘైలో మూకీ బొమ్మలు తీసే కంపెనీ ఒకటి పెళ్లి సన్నివేశానికి పాన్ వాళ్ల హాలు అడిగింది. పూర్వీకుల పేర్ల పలకలు, అగరొత్తుల గిన్నె అక్కడ అసలైనవే ఉన్నాయి మరి. తీరా కథానాయిక చల్లటి నేల మీద మోకరిల్లనంది. ముఖానికి ఎర్రముసుగే కదా అని ఆ ఇంటి మనవరాలు ఆచియావ్‌ను కూర్చోబెట్టారు. నాయకుడికి కడుపునొప్పి. ఎలాగూ కనబడేది వీపే కనుక, రేకు పలకతో ఎండను మళ్లించే కూలీ గెన్‌బావ్‌కు అంగీ తొడిగారు.

ఇద్దరూ ఆకాశానికీ భూమికీ మొక్కారు, పలకలకు మొక్కారు, ఒకరికొకరు మొక్కారు. హాలు అద్దెకిచ్చిన ఆచియావ్ బాబాయి ఇది బొమ్మ అని నాయనమ్మకు చెప్పలేదు. చూపు ఆనని ఆమె, మనవరాలికి కుదిర్చిన అద్దకం వాళ్ల యున్‌షెంగే వచ్చాడనుకుని, అగరొత్తులు వెలిగించి పూర్వీకులకు కబురు చెప్పి, పెళ్లికూతురిచ్చిన టీ తాగేసింది. పెద్దలు ఆ టీ తాగితే మాలో పెళ్లి అయిపోయినట్టే.

నిజం తెలిశాక కూడా దిగిరాలేదు. "టీ తాగి, కాలేదంటే? చచ్చిన మా ఆయనకు అబద్ధమాడమంటావా?"

యున్‌షెంగ్ తల్లి వచ్చింది. "ఒకడి పక్కన వంగిన నడుము మా ఇంట్లో మళ్లీ వంగక్కర్లేదమ్మా" అనేసి పోయింది. నీలిరంగు వేళ్లతో వేయించిన చెస్ట్‌నట్ గింజలు తెచ్చే ఆ అబ్బాయి మళ్లీ కనబడలేదు. ఆచియావ్ తిండి మానేసింది. ఆ సన్నివేశం వెలుతురు చాలలేదని బొమ్మలో పెట్టనేలేదట.

ఇక ఒక్కటే దారి. పలకల ముందు నిలబడి 'ఈమె నాకొద్దు' అని గెన్‌బావ్ తన నోటితో అనాలి. ఆచియావే వెళ్లి పిలిచింది. అతను సాయంత్రం వచ్చాడు.

"అనెయ్" అంది.

"ఏం తప్పు చేశావని అనను?"

"నా తప్పు సంగతి నీకెందుకు? అనేసి పో. నేను యున్‌షెంగ్ వాళ్ల కాళ్ల మీద పడతాను."

గెన్‌బావ్ తల వంచుకున్నాడు. "వాళ్ల దుకాణం మీదుగానే వచ్చాను. ఆ అబ్బాయికి వేరే పిల్లను ఖాయం చేసేశారు. ఇప్పుడు నేను వద్దంటే, వదిలేసిన ఆడదానివవుతావు."

ఆచియావ్ గోడకానుకుంది.

"నీ గదిలో బియ్యమున్నాయా?"

"ఒక్కడికి సరిపడా."

బట్టలు మూట కట్టుకుని గడప దాటింది. ఉండబట్టలేక అడిగాను, "ఎక్కడికే?"

"అత్తారింటికి, పిన్నీ" అంది, నా వైపు చూడకుండానే. గెన్‌బావ్‌కు తల్లీ తండ్రీ లేరని మా సందులో అందరికీ తెలుసు.