ఎడమ బుగ్గకు సరిపోయే మాస్కు

నీళ్లలోకి దిగి పనిచేయడం నా బతుకుతెరువు. కాలువ తూముల్లో ఇరుక్కున్న దుంగలు తీస్తాను. ఎత్తిపోతల మోటార్ల కోసం కట్టిన బావుల్లో అడుగున పూడుకుపోయిన ఇనుప జాలీలు శుభ్రం చేస్తాను. మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు పిలిస్తే వాళ్ల నీటి బావుల్లో ఊడిన బోల్టులు బిగించి వస్తాను. వీపుకు సిలిండరు, కళ్లకు అద్దాలు, గాలి గొట్టం చివర పళ్లతో కరిచిపట్టుకునే రబ్బరు ముక్క, నడుముకు తాడు. ఆ తాడు రెండో కొస గట్టు మీద నా భార్య చేతిలో ఉంటుంది.

మొదట్లో తాడు పట్టడానికి ఒక మనిషిని పెట్టుకున్నాను. ఒకసారి నాకు సద్ది తెచ్చిన నా భార్య, ఆ మనిషి తాడు రాయికి చుట్టి దూరంగా కూర్చుని ఫోన్లో మాట్లాడటం చూసింది. ఆ రోజు నుంచి తాడు ఆమెదే అయింది. ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే వదులు చేయమని, మూడుసార్లు గుంజితే పైకి లాగమని. నీళ్ల కింద నుంచి ఇన్నేళ్లూ మేం మాట్లాడుకున్నది అంతే.

ఒక పొద్దున మా ఊరు మోతెలో ఇంటి ముందు పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవలేదు. ఎడమ మూల నుంచి కారి చొక్కా తడిసింది. నా భార్య నా మొహం చూసి చీపురు కింద పెట్టింది.

"నీ మూతేంది, గట్ల వంకర వోయింది?"

సూర్యాపేట దవాఖానలో డాక్టరు నొసలు ముడవమన్నాడు, కళ్లు గట్టిగా మూయమన్నాడు. మొహానికి పోయే నరం వాచిందని, చాలామందికి నెలల్లో తగ్గిపోతుందని చెప్పాడు. కొంత తగ్గింది కూడా. అంతవరకు మూతపడని ఎడమ కన్ను మూతపడసాగింది. కానీ ఎడమ పెదవి మూలకు మాత్రం పట్టు రాలేదు. చాయ్ తాగితే కారేది. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. నోటి వంకర కనబడకుండా గడ్డం పెంచాను.

గడ్డంతో జనం ముందు దాచుకోగలిగాను గాని నీళ్ల దగ్గర దాచలేకపోయాను. మా చేను బావిలో నిలువు లోతులో ఒకసారి ప్రయత్నించాను. పళ్లు రబ్బరును పట్టుకున్నాయి, పెదవి దాని చుట్టూ మూసుకోలేదు. పీల్చిన ప్రతిసారీ గాలితో పాటు నీళ్లు వచ్చాయి. నేను తాడు గుంజకముందే నా భార్య లాగేసింది. గట్టెక్కి చాలాసేపు దగ్గాను.

"ఇగ చాలు," అంది. "రెండెకరాలున్నది. వరి ఏస్కుందాం. నీళ్లల్లకే పోవాల్నా?"

పిలిచే కాంట్రాక్టర్లలో ఇద్దరు అప్పటికే పిలవడం మానేశారు. వాళ్లది తప్పనడానికి లేదు. కానీ నా ఒంట్లో ఊపిరితిత్తులు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, చీకటి నీళ్లలో తడిమి బోల్టు కొలత చెప్పగలను. రెండు వేళ్ల వెడల్పు పెదవి కోసం అదంతా వదిలేయడం నాకు చేతకాలేదు. వానాకాలంలోపు మళ్లీ దిగుతానని ఆమెతో ఆ సాయంత్రమే చెప్పాను. ఆమె తాడు చుట్టి లోపల పెట్టింది.

మొహమంతా కప్పే మాస్కు ఉంటే నోటితో కరవాల్సిన పని లేదని నాకు తెలుసు. ఫోన్లో వెతికి, దొరికినదాన్ని తెప్పించాను. పెద్ద అద్దం, నెత్తి మీద కొమ్ములాంటి గొట్టం. దాన్ని సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ పోయాను. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన అక్కడే ఉంటాడు. నీటి ఒత్తిడికి ఆయన కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమవైపు కూర్చుని మాట్లాడాలి.

ఆయన మాస్కును అటూ ఇటూ తిప్పి చూసి నా ఒళ్లో పెట్టాడు.

"ఇది నీళ్ల మీద తేలుకుంట సేపల సూసెటోళ్లది తమ్మీ. దీనికి సిలిండర్ తగిలియ్యరాదు. దీంతోని కిందికి వోతే పానం పోతది."

"మరి అసలుది ఎట్లుంటది అన్నా?"

"లోపట ముక్కుకు, నోటికి కలిపి సిన్న కప్పు ఉంటది. సిలిండర్ గాలి ఇచ్చే రెగ్యులేటర్ దానికే ఉంటది. ముక్కుతోని పీల్చొచ్చు, నోటితోని పీల్చొచ్చు. గని ముందుగాల ఆ గడ్డం తియ్యి. ఎంట్రుకల మీద రబ్బర్ ఆనదు, సందుల నీళ్లొస్తయ్."

సరేనన్నాను. ఆయన ఇంకా నా నోటివైపే చూస్తున్నాడు.

"ఇంకో మాట. కింద మాస్కు అద్దం పలిగింది, లేకుంటే పట్టీ తెగింది. అది తీసి పారేసి, సిలిండర్‌కే ఉన్న రెండో మామూలు గొట్టం నోట్ల పెట్టుకోవాలె. నీకు నోరు పట్టదాయె. అప్పుడేం జేస్తవ్?"

నేను మాస్కును సంచిలో పెట్టుకున్నాను. "జవాబు దొరికినంక రా. అందాక మాస్కు కొనకు," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెదవిని వేళ్లతో ఒత్తి చూసుకుంటూనే ఉన్నాను. పక్కాయన పంటి నొప్పా అని అడిగాడు.

మర్నాడు సూర్యాపేటలో మంగలి షాపుకు పోయి గడ్డం తీయించాను. అద్దంలో మళ్లీ ఆ మొహమే కనబడింది, ఒకవైపు దిగజారి. మంగలి తువ్వాలుతో తుడుస్తూ ఆ పక్కను మెల్లగా తుడిచాడు. నేను అద్దం నుంచి చూపు తిప్పుకోలేదు. ఇక ఇదే మొహంతో పని చేయాలి అనుకున్నాను.

ఇంటి దగ్గర పశువులకు నీళ్లు పెట్టే సిమెంటు గోలెం ఉంది. రోజూ పొద్దున గొట్టం నోట్లో పెట్టుకుని అందులో మొహం ముంచేవాణ్ణి. ఎడమ పెదవిని వేళ్లతో పట్టుకున్నాను, జారింది. అరచెయ్యి అడ్డం పెట్టాను, గాలి బయటికి పోయే దారి మూసుకుపోయింది. నా భార్య మొదటి వారం దగ్గరికి రాలేదు. తర్వాత ఒకరోజు వచ్చి పక్కన వంగి నిలబడి చూసింది.

"బొటనేలు జర పైకి వెట్టు. మూల కాడ కాదు, బుగ్గను ముందుకు నూకు. కడమ వేళ్లు గదుమ కింద వెట్టు."

అలా పెట్టాను. పది ఊపిర్లు పీల్చాను. చుక్క రాలేదు. తల పైకెత్తితే ఆమె అప్పటికే చీర కొంగు బొడ్లో దోపుకుని తాడు తేవడానికి లోపలికి పోతోంది. "బావిల గుడ సూద్దాం పా," అంది.

బావిలో కూడా పట్టు చిక్కాక పెద్దాయనకు ఫోన్ చేశాను. ఓడరేవుల్లో పనిచేసేవాళ్లకు సామాన్లు అమ్మే కోస్తా మనిషి ఒకాయన ఉన్నాడని, ఆయన చేత మూడు రకాల మాస్కులు తెప్పిస్తానని, తానూ వస్తానని అన్నాడు. ఆ అమ్మే ఆయన కోదాడ దాకా బస్సులో వచ్చాడు. నేను పోయి మోతెకు తీసుకొచ్చాను. నలుగురం మా చేను బావి దగ్గర చేరాం.

మొదటిది తేలికగా, అద్దం వెడల్పుగా బాగుంది. ఐదు పట్టీలు బిగించి, గాలి వచ్చే దారి అరచేత్తో మూసి లోపలికి పీల్చాను. సరిపోయిన మాస్కయితే మొహానికి అతుక్కోవాలి. ఇది ఎడమ బుగ్గ కింద బుస్సుమంది. నీళ్లలో దించకుండానే పక్కన పెట్టాం.

రెండోదానిలో మాట్లాడే యంత్రం ఉంది. గట్టు మీదివాళ్లు చెవులకు పెట్టుకుంటే కింద నుంచి నా మాట వాళ్లకు, వాళ్ల మాట నాకు వినబడుతుంది. పీల్చి చూస్తే అతుక్కుంది. నా భార్య చెవులకు పెట్టుకుని తాడు పట్టుకుంది. నేను నీళ్లలోకి దిగి అడుగుకు చేరాను.

"ఇనవడుతున్నదా?" అన్నాను.

"ఆ, ఇనవడుతుంది," అంది నా చెవి పక్కనే ఉన్నట్టుగా. మళ్లీ, "నువ్వు ఊపిరి తీస్తుంటె గుడ ఇనవడుతుంది," అంది.

ఇంకో మాట చెప్పబోయాను. నోరు కదలగానే ఎడమవైపు అంచు లేచింది, సన్నటి ధారగా నీళ్లు లోపలికి వచ్చాయి. గాలి వదిలి నీళ్లు బయటికి నెట్టాను. మళ్లీ మాట్లాడాను, మళ్లీ వచ్చాయి. మాట్లాడేటప్పుడు నా రెండు బుగ్గలూ ఒక్కతీరుగా కదలవు. పైకి వచ్చాను.

"పట్టీ ఇంకొంచెం బిగిస్తే సరిపోతుందండీ," అన్నాడు అమ్మే ఆయన. "మంచి మాస్కు. ఇలాంటిది మీ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు."

మూడోది పాత రకం. నల్లటి మందపాటి రబ్బరు, అంచుకు రెండు వరసల మడత. బరువు ఎక్కువ, మాట్లాడే యంత్రం లేదు. దాంతో అడుగున చాలాసేపు ఉన్నాను. తల వంచాను, పక్కకు తిప్పాను, సుత్తితో రాయి మీద కొట్టి చూశాను. చుక్క రాలేదు.

పైకి వచ్చి రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా మనసు రెండోదాని మీదే ఉంది. ఆమె గొంతు అంత లోతులో విన్న తర్వాత దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. పెద్దాయన వైపు చూశాను.

"మొఖం నీది తమ్మీ. నేను చెప్పేది కాదు," అన్నాడు.

నా భార్య చెవులకు పెట్టుకున్నది తీసి, తుడిచి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది.

"మాట్లాడితే నీళ్లొస్తయ్. మాట్లాడకుంటె రావు. ఇగ మాట్లాడెటందుకు అదెందుకు? నాకు తాడు సాలు."

మూడోదే తీసుకున్నాం. పెద్దాయన అంతటితో వదల్లేదు. కొత్త మాస్కుతో అడుగుకు పోయి, అక్కడ దాన్ని తీసేసి, మామూలు గొట్టంతో పైకి రమ్మన్నాడు. దిగాను. పట్టీలు లాగి మాస్కు తీయగానే చల్లటి నీళ్లు కళ్లకు కొట్టాయి. సిలిండరుకున్న రెండో గొట్టం తడిమి పట్టుకుని నోట్లో పెట్టుకున్నాను. బొటనవేలితో బుగ్గను ముందుకు నెట్టాను. మొదటి ఊపిరి భయంతో పీల్చాను. రెండోది మామూలుగా పీల్చాను. ఆ చేయి అక్కడి నుంచి తీయకుండా, రెండో చేత్తో తాడు పట్టుకుని మెల్లగా పైకి వచ్చాను. ఆయన మళ్లీ చేయమన్నాడు. ఆ రోజు ఆరుసార్లు చేశాను.

తొలకరికి ముందే కోదాడ అవతల ఒక ఎత్తిపోతల బావికి పిలుపు వచ్చింది. రెండు జాలీలూ పూడుకుపోయి మోటార్లు ఆపేశారు. అక్కడి ఇంజనీరు నా మొహం చూసి ఇబ్బందిపడ్డాడు.

"మీరు దిగగలుగుతారా?" అన్నాడు.

"దిగుతా సార్," అన్నాను.

కింద చెయ్యి కూడా కనబడని మురికి. తడుముతూ పోతే మొదటి జాలీకి చేపల వల చుట్టుకుని, దాని మీద నాచు గోడలాగా పేరుకుని ఉంది. కత్తితో కోస్తూ, పీకుతూ వచ్చాను. ఒకచోట వల నా మోచేతికి చుట్టుకుంది. తొందరపడకుండా ఆగి, ఒక్కో పోగూ కోసుకున్నాను. మాస్కు కదలలేదు. పై నుంచి తాడు ఒకసారి గుంజింది. నేనూ ఒకసారి గుంజాను.

పైకి వచ్చాక నా భార్య పట్టీలు ఒక్కొక్కటీ విప్పింది. మొహం చుట్టూ రబ్బరు అచ్చు ఎర్రగా పడిందని చెప్పింది. సద్ది గిన్నె మూత తీసి నా ముందు పెట్టింది.

"రెండో జాలీ రేపు జేస్తవా?"

"ఈ రోజే," అన్నాను.

తిన్నాం. కాసేపు చింత నీడన నడుం వాల్చాను. తర్వాత ఆమె కొత్త సిలిండరు బిగించింది. నేను మాస్కు పెట్టుకుని, అంచు చుట్టూ వేలితో ఒకసారి తడిమి చూసుకుని, మళ్లీ దిగాను.